మా తొమ్మిదో బిషప్పుగారు, అనగా కుర్చీ

మా రేవుపాలెం డయోసిస్‌కి నూరేళ్ళు నిండుతున్నాయని సావనీర్ వేస్తున్నారు. అందులో చరిత్ర రాసే పని తెచ్చి నా నెత్తిన పెట్టారు. "నీకన్నా తెలిసినవాడెవడున్నాడయ్యా జెకర్యా, ముగ్గురు బిషప్పుల దగ్గర పి.ఏ.గా చేశావు" అన్నారు. చేసిన మాట నిజమే. ముగ్గురిలో ఇద్దరు మనుషులు. మూడోవారు కుర్చీ.

మొదటి ఎనిమిది మంది గురించి రాయడానికి నాకే ఇబ్బందీ లేదు. మొదటి ముగ్గురూ దొరలు. ఒక దొర గుర్రమ్మీద తిరిగాడు, ఇంకో దొర పడవ మీద తిరిగాడు, మూడో దొర మలేరియా జ్వరంతో ఎక్కడా తిరక్కుండా నాలుగు పుస్తకాలు రాశాడు. తర్వాతి వాళ్ళు మనవాళ్ళు. ఒకాయన బళ్ళు కట్టించారు. ఒకాయన ఆసుపత్రి కట్టించారు. ఒకాయన ఆసుపత్రి ముందు షాపింగ్ కాంప్లెక్స్ కట్టించారు. ఆ తర్వాతాయన ఆ కాంప్లెక్స్ శిలాఫలకం పీకించి తన పేరుతో కొత్తది వేయించారు. ఇదంతా సావనీర్లో సుఖంగా పడుతుంది. కాని ఆ పైన తొమ్మిదో పేరు దగ్గరకొచ్చేసరికి కలం ఆగిపోతోంది. అంచేత అది ముందు ఇలా విడిగా రాసి చూసుకుంటున్నాను.

ఆ కుర్చీ మామూలు కుర్చీ కాదు. తుపానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడ టేకుతో మొదటి దొర చేయించాడు. చేతులకి చివర సింహం మొహాలు చెక్కమన్నాడట. మా వడ్రంగులు సింహాన్ని ఎక్కడ చూశారు? తెలిసిన మొహాలే చెక్కారు. అందుకని మా అధ్యక్ష పీఠానికి, అంటే బిషప్పుగారి కుర్చీకి, చెరో పక్కా ఒక ఊరకుక్క నాలిక బయటపెట్టి కూర్చుని ఉంటుంది. పెద్ద గుడిలో బలిపీఠానికి ఎడం పక్కన దాని స్థానం. కొత్త బిషప్పు గుడి తలుపు చేతికర్రతో తట్టి, లోపలికొచ్చి అందులో కూర్చుంటేనే బిషప్పయినట్టు. అంతకు ముందు ఎన్ని ఎన్నికలు గెలిచినా కానట్టే.

ఈ సంగతి దొర మా నియమావళిలో కూడా రాసిపెట్టాడు. "అధ్యక్షాధికారము అధ్యక్షపీఠమునందు నిక్షిప్తమై యుండును. అందు ఆసీనులైన వ్యక్తి దానిని వినియోగించును. వ్యక్తి లేనియెడల అధికారము పీఠమునందే యుండును." పదవిలో ఉన్నవాడు పొగరెక్కకుండా ఉండాలని రాసినట్టున్నాడు పాపం. దాని మీద మనవాళ్ళు ఏం కడతారో ఆయనకేం తెలుసు?

ఎనిమిదో బిషప్పు తిమోతి రత్నసాగరంగారు. నెమ్మదస్తుడు. అరవై అయిదు నిండగానే రూలు ప్రకారం చేతికర్ర ఆఫీసులో అప్పజెప్పి, మిషన్ కాంపౌండ్ వెనక చిన్న ఇంట్లో జామచెట్లు పెంచుకుంటూ ఉండిపోయారు. ఆయన స్థానానికి ఎన్నిక జరిగింది. డెల్టా వర్గం తరఫున రెవరెండ్ అహరోను ప్రకాశంగారు, మెట్ట వర్గం తరఫున రెవరెండ్ డాక్టర్ గిద్యోను విజయసారథిగారు నిలబడ్డారు. ఇద్దరూ గెలిచారు. ఎలా గెలిచారని నన్నడక్కండి, ఎవరి లెక్క వాళ్ళది.

గెలిచినవాళ్ళు ఊరుకుంటారా? ఒకే ఆదివారం ఒకరు తూర్పు తలుపు తట్టారు, ఒకరు పడమటి తలుపు తట్టారు. రెండు బ్యాండు మేళాలు ఒకేసారి లోపలికొచ్చాయి. ఇద్దరూ అంగీలు ఎత్తిపట్టుకుని పరుగెత్తి ఒకేసారి కుర్చీలో పడ్డారు. కుర్చీ వెడల్పుది కావడంతో సగం సగం పట్టారు. ఆరాధన అంతా అలాగే సాగింది. పాటకి లేవాలంటే భయం, లేచినవాడి సగం పోతుందని. చివరికి పోలీసులొచ్చి ఇద్దర్నీ ఒక్కసారే లేపారు. కేసు కోర్టుకెక్కింది. తుది తీర్పు వచ్చేదాకా ఉభయ పక్షాలుగాని, వారి మనుషులుగాని ఆ పీఠంలో కూర్చోరాదని జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు.

అప్పుడు డయోసిస్ సెక్రటరీ నెహెమ్యాగారు కార్యవర్గాన్ని పిలిచారు. ఆయన తాసిల్దారుగా రిటైరైన మనిషి. సంతకం లేని కాయితాన్ని కాయితం అనరు. ఇంట్లో కూర బాగుందని కూడా నోటిమాటగా ఒప్పుకోరని వాళ్ళావిడ అంటుంది.

"డయోసిస్‌లో ఖాళీ ఏర్పడిందన్న వాదనను నేను తోసిపుచ్చుతున్నాను" అన్నారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఖాళీ అయినది వ్యక్తి. పీఠము యథాస్థానమున కలదు. అధికారము పీఠమునందు కలదు. కనుక బిషప్పుగారు విధుల్లోనే ఉన్నారు."

"ఏ బిషప్పుగారండీ?" అన్నాను. నేను పి.ఏ.ని, రేపట్నించి ఎవరి గది తలుపు కొట్టాలో నాకు తెలియాలిగా.

"సదరు పీఠమే" అన్నారు.

ప్రకాశంగారు విజయసారథిగారి వంక చూశారు. విజయసారథిగారు ప్రకాశంగారి వంక చూశారు. వాడికన్నా కుర్చీ నయం అని ఇద్దరికీ ఒకేసారి తోచింది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. మా డయోసిస్ పుట్టాక ఏకగ్రీవం అన్న మాట వినబడడం అదే మొదలు. ప్రకాశంగారిని పీఠం కుడి ప్రతినిధిగా, విజయసారథిగారిని ఎడమ ప్రతినిధిగా వేశారు. కుడి అంటే మనం చూసే కుడా, కుర్చీ చూసే కుడా అని తేల్చడానికి ఉపసంఘం కూడా వేశారు.

పరిపాలన మొదలైంది. సాయంత్రం ఫైళ్ళు తీసుకెళ్ళి కుర్చీలో పెట్టేవాణ్ణి. తెల్లారి తీసేవాణ్ణి. "పీఠము పరిశీలించినది. అభ్యంతరము లేదు" అని నెహెమ్యాగారు స్టాంపు వేసేవారు. ఇంత వేగంగా ఫైళ్ళు కదలడం నేనెప్పుడూ చూడలేదు. అయితే ఉప్పుగల్లి చర్చికి ఫలానా పాస్టరు అయ్యగారిని బదిలీ చెయ్యాలని డెల్టావాళ్ళు ఒక ఫైలు పెట్టారు, కాదు ఇంకొకాయన్ని వెయ్యాలని మెట్టవాళ్ళు ఒకటి పెట్టారు. పీఠం దేనికీ అభ్యంతరం చెప్పలేదు. ఇద్దరు అయ్యగార్లూ పెట్టెలు సర్దుకుని అదే చర్చికి దిగారు. ఒకాయన పొద్దున రైతుల పక్షాన వాన కోసం ప్రార్థన చేస్తే, ఇంకొకాయన సాయంత్రం ఉప్పు మళ్ళవాళ్ళ పక్షాన వాన వద్దని ప్రార్థన చేశారు. ఆ నెల ఉప్పుగల్లిలో మబ్బు పట్టి అలాగే ఉండిపోయింది.

మీరు నవ్వుతున్నారు గాని, జనానికి కొత్త బిషప్పుగారు తెగ నచ్చేశారు. కసురుకోరు. బావమరిదికి బడిలో ఉద్యోగం అడగరు. కానుకల పెట్టె వంక చూడరు. పండగ ఆరాధనల్లో ప్రసంగం వేళ కుర్చీని మైకు ముందు పెట్టేవాళ్ళం, జనం కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుని పెందరాళే ఇంటికెళ్ళి భోంచేసేవారు. "ఇంత గంభీరమైన సందేశం ఈ మధ్య కాలంలో వినలేదండి" అని ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ నాతో అన్నారు. ఊళ్ళో ఫ్లెక్సీలు లేచాయి, కుర్చీ బొమ్మ పక్కన చేతులు జోడించిన కమిటీ మెంబర్ల బొమ్మలతో. ఎక్కడుందో ఎవరికీ తెలియని ఒక విశ్వవిద్యాలయంవారు వచ్చి, కుర్చీ వీపుకి టోపీ తగిలించి గౌరవ డాక్టరేటిచ్చి వెళ్ళారు. గది బయట బోర్డు మార్చాం: "రైట్ రెవరెండ్ డాక్టర్ అధ్యక్ష పీఠంగారు." కప్పిన శాలువాలు గుట్టపడి ఒక దశలో కుర్చీ కనిపించడం మానేసింది.

ఆ శాలువాల మెత్తదనం చూసి వంటింటి పిల్లి ఒకటి అందులో నిద్రపోవడం మొదలెట్టింది. దాంతో కొంప మునిగింది. ఆ పిల్లి విజయసారథిగారి క్వార్టర్సులో పాలు తాగుతుంది కనుక అది మెట్ట వర్గం మనిషేనని, కోర్టు ధిక్కారం జరిగిందని డెల్టా వకీలు పిటిషన్ వేశాడు. ప్రకాశంగారింట్లో చేప తలకాయలు తింటుందని మెట్ట వకీలు సాక్షుల్ని తెచ్చాడు. జడ్జిగారు తలపట్టుకుని, రెండిళ్ళలోనూ తినేది ఏ ఇంటిదీ కాదని, తన ఉత్తర్వు ఉభయ పక్షాలకూ వారి మనుషులకూ తప్ప ఇంకెవరికీ వర్తించదని తేల్చేశారు. నియమావళిలో "వ్యక్తి" అని ఉంది కనుక పిల్లి నిద్రపోయినంతసేపూ బిషప్పు అయిందా లేదా అన్న అనుమానం కూడా తీరింది. నెహెమ్యాగారు మినిట్స్‌లో రాయించారు: "ఏ పక్షమునకూ చెందని వ్యక్తి పీఠమునందు కూర్చుండుటకు కోర్టు ఉత్తర్వు అడ్డు కాదు. అయితే అట్టి వ్యక్తి ఈ డయోసిస్‌లో ఎవరూ లేరు గనుక ఆందోళన చెందవలసిన పని లేదు."

ఇంతవరకూ నాకూ నవ్వులాటగానే ఉంది. తర్వాత మా సలోమి అత్త వచ్చింది.

మా నాన్న అక్కగారు. గోదావరి మధ్యలో కొత్తలంకలో ఉంటుంది. ఎనభైకి దగ్గర పడింది. మాలో ఒక పద్ధతుంది. బాప్తిస్మం ఎవరైనా ఇస్తారు గాని, బిషప్పుగారు తల మీద చెయ్యి పెట్టి కన్ఫర్మేషన్ ఇస్తే తప్ప ప్రభువు బల్ల దగ్గరకెళ్ళి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోకూడదు. మా అత్తకి ఆ చెయ్యి పడలేదు. పదిహేనేళ్ళప్పుడు బిషప్పు వస్తానన్న వారం గోదారి పొంగింది. తర్వాతాయన వచ్చిననాడు ఆవిడ పురిటి మంచం మీద ఉంది. ఇంకొకాయన పక్క లంకలో ఫలకం ఆవిష్కరించి, ఎండ ఎక్కువగా ఉందని అట్నుంచటే వెళ్ళిపోయారు. మామయ్యకి పక్షవాతం వచ్చి ఏళ్ళ తరబడి మంచాన పడ్డాడు, టౌనుకెళ్ళే వీల్లేకపోయింది. రత్నసాగరంగారు వస్తానని రోజు కూడా ఖాయం చేశారు గాని, ఆ ఆదివారం రాకముందే ఆయనకి అరవై అయిదు నిండాయి.

విచిత్రమేమిటంటే కొత్తలంక చర్చికి బల్ల రసం తయారుచేసేది ఈవిడే. కొత్త కోడలుగా వచ్చినప్పట్నించీ ఎండుద్రాక్ష కడిగి, ఉడకబెట్టి, పలచటి గుడ్డలో వడగట్టి, చక్కెర కలిపి చర్చికి పంపుతుంది. అందరూ బల్ల దగ్గరకెళ్ళి తాగుతుంటే తను వెనక చాప మీద కూర్చుని చూస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్క చుక్క నాలిక్కి తగిలించుకోలేదు.

"రుచి చూడకుండా చక్కెర ఎంతెయ్యాలో ఎలా తెలుస్తుందత్తా?" అని చిన్నప్పుడడిగాను.

"చేతికి తెలుస్తుందిలేరా" అంది.

ఆ రోజు లాంచీ దిగి, బస్సెక్కి, ఆయాసపడుతూ ఆఫీసుకొచ్చింది. గుండె నీరసంగా ఉందని డాక్టరు చెప్పాట్ట. నా గదిలో బెంచీ మీద కూలబడి మంచినీళ్ళు తాగి అడిగింది.

"ఒరే జెకరీ, బిషప్పుగారు మా లంకకి ఎప్పుడొస్తార్రా?"

"ఇప్పుడు బిషప్పు కుర్చీ అత్తా."

"అదేంట్రా?"

చెప్పాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"పైకెళ్ళాక ఆయన అడుగుతాడు కదరా, ఏమే సలోమీ, నా బల్ల దగ్గరకి ఒక్కసారీ రాలేదేమే అని. ఏం చెప్పమంటావు? కోర్టులో కేసుందని చెప్పనా?"

అప్పటిదాకా నేను ఆ కుర్చీకి ఫైళ్ళు మోసి, గుడ్ మార్నింగ్ కూడా చెప్పి, సాయంత్రం ఇంటికెళ్ళి వాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకుని నవ్వుకుంటున్నవాణ్ణి. ఆ మాటతో నవ్వు ఎగిరిపోయింది.

అత్తని కూర్చోబెట్టి తిన్నగా జామతోటలోకి పోయాను. రత్నసాగరంగారు నిచ్చెన మీదున్నారు. విషయం చెప్పాను. ఆయన దిగొచ్చి చెయ్యి చాపి చూపించారు.

"చెయ్యి బానే ఉంది జెకర్యా. పెట్టడానికే సెలవు లేదు. పదవిలో ఉన్న బిషప్పు పిలిస్తే తప్ప రిటైరైన బిషప్పు ఎవరి తల మీదా చెయ్యి పెట్టకూడదు. ఆ రూలు పెట్టింది నేనే. నా ముందాయన రిటైరయ్యాక కూడా ఊరూరా తిరిగి పెట్టేస్తున్నాడని." ఆయన మొహం చూస్తే జాలేసింది.

సరే, నా చేతిలో ఉన్న పనేగా. రత్నసాగరంగారిని కొత్తలంకకి ఆహ్వానించాలని ఫైలు తయారుచేసి కుర్చీలో పెట్టాను. తెల్లారి నెహెమ్యాగారు స్టాంపు ఎత్తి, మళ్ళీ దించారు.

"కుదరదు" అన్నారు.

"పీఠం అభ్యంతరం చెప్పలేదు కదండీ?"

"అభ్యంతరము లేకపోవుట వేరు, ఆహ్వానించుట వేరు. ఊరుకోవడం పీఠం చెయ్యగలదు, రోజూ చేస్తూనే ఉంది. పిలవడం చెయ్యలేదు. పిలవడానికి నోరు కావాలి."

"మా అత్త ముసలిదండి. ఇవాళో రేపో అన్నట్టుంది."

నిజం చెప్పాలి, నెహెమ్యాగారు చెడ్డవాడు కాదు. చాలాసేపు ఆలోచించి, మొహం వెలిగించుకుని, "పీఠమే స్వయముగా పర్యటించి ధ్రువీకరణ, అనగా కన్ఫర్మేషన్, ఇచ్చును!" అన్నారు. పక్క డయోసిస్ నుంచి ఎవరినైనా పిలుద్దామా అంటే దానికీ నోరే కావాలి కదా అన్నారు. పిలవడానికి నోరు కావాలన్నారని అత్తకి చెప్పి లాంచీ ఎక్కించాను.

పర్యటన రోజున కుర్చీని వ్యాన్లో రేవు దాకా తెచ్చి, బళ్ళని నది దాటించే పంటు ఎక్కించాం. ఎండ తగలకుండా జరీ గొడుగు పట్టాం. బిషప్పుగారు కదలకుండా నాలుగు పక్కలా తాళ్ళతో బిగించాం. కుడి ప్రతినిధి కుడి పక్కన, ఎడమ ప్రతినిధి ఎడమ పక్కన నిలబడ్డారు. నది మధ్యలో పంటు తిరిగేసరికి కుడి ఎటో తెలియక చోట్లు మారబోయి ఇద్దరూ ఢీకొన్నారు. రత్నసాగరంగారు కూడా మామూలు టిక్కెట్టు కొనుక్కుని, సంచిలో జామకాయలేసుకుని ఓ మూల కూర్చున్నారు. చూడ్డానికి రూలు అడ్డు లేదు.

కొత్తలంకలో స్వాగతం బ్రహ్మాండంగా జరిగింది. బ్యాండు, బంతిపూలు, ఆడవాళ్ళ పాటలు, ఇంకో నాలుగు శాలువాలు. చర్చిలో కుర్చీ దింపి, ముందు ఎర్ర గుడ్డ పరిచారు. కన్ఫర్మేషన్ కోసం కాచుకున్న పిల్లలు ఓ పాతికమంది దాకా ఉన్నారు. వాళ్ళ చివర గంజి పెట్టిన తెల్ల చీరలో మా అత్త. బల్ల మీద రొట్టె, పక్కన గిన్నెలో ఆవిడ పొద్దున కాచి పంపిన రసం. ఇవాళ తనూ తాగుతానన్న ఆశతో కాచిన రసం.

నెహెమ్యాగారు పద్ధతి చదివి వినిపించారు. అభ్యర్థి పీఠం ముందు మోకరించి, పీఠం కుడిచేతి కింద తల పెట్టాలి. ఆ పిమ్మట ఆయన ప్రకటన చేస్తారు.

మొదటి పిల్ల మోకరించి తల కుక్క మొహం కిందకి దూర్చింది.

"సదరు అభ్యర్థి శిరస్సు పీఠ హస్తము క్రింద నుంచబడినది గనుక హస్తనిక్షేపము జరిగినట్లు భావించబడుచున్నది" అన్నారు నెహెమ్యాగారు. "తర్వాతి వారు."

ఆ పిల్ల లేచి, ఏమీ తెలియని మొహంతో వాళ్ళమ్మ వంక చూసింది. ఇంకొక పిల్ల. ఇంకొక పిల్లాడు. భావించబడుచున్నది, భావించబడుచున్నది. కొత్తలంక పాస్టరు మీకా అయ్యగారు తల వంచుకుని నేల చూస్తున్నారు. లైను సగం కూడా కాలేదు, మా అత్తకి నిలబడ్డం కష్టమైపోయింది. "పెద్దావిడ్ని ముందు పంపండయ్యా" అని ఎవరో అన్నారు. ముందుకొచ్చింది.

కుర్చీ ముందు నిలబడి, దాన్ని ఎగాదిగా చూసింది.

"ఈ కుక్క కింద తల పెట్టాలాండి?"

"సింహమమ్మా" అన్నారు నెహెమ్యాగారు.

"ఆయ్. నాకు మోకాళ్ళు వంగవండి బాబూ."

"మోకరించని యెడల శిరస్సు హస్తము క్రిందకు రాదు. శిరస్సు రాని యెడల భావించుటకు వీలు పడదు."

ఆవిడ ప్రయత్నం చేసింది. కుర్చీ చెయ్యి పట్టుకుని వంగబోయింది. సగం దాకా వంగి ఆగిపోయింది. మొహం పాలిపోయింది. నేను పరుగెత్తే లోపలే ఆవిడ మళ్ళీ నిటారుగా నిలబడి, శాలువాలు ఓ పక్కకి నెట్టి, "కాస్త కూర్చుంటానండి బాబూ, కుర్చీ ఉందిగా" అంటూ అందులో కూర్చుంది.

ముందుగా తేరుకున్నది ప్రకాశంగారు. "కోర్టు ధిక్కారం! ఈవిడ మెట్టవాళ్ళ మనిషి!" అని అరిచారు. "లంకావిడ మెట్ట మనిషెలా అవుతుందయ్యా, మీ డెల్టావాళ్ళ కుట్ర ఇది!" అని విజయసారథిగారు అందుకున్నారు.

"ఎవరి మనిషివమ్మా నువ్వు?" అని నెహెమ్యాగారు అడిగారు.

అత్త ఆయాసం తీర్చుకుంటూ ఇద్దరి వంకా చూసింది. "నేనెవరి మనిషినీ కాదండి. మా ఆయన పోయాక అసలే కాదు" అంది.

నాకు పిల్లి గుర్తొచ్చింది. నాకన్నా ముందు నెహెమ్యాగారికి గుర్తొచ్చినట్టుంది, ఆయన మొహంలో రంగు దిగిపోయింది. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఏ పక్షానికీ చెందని వ్యక్తికి ఉత్తర్వు అడ్డు కాదు. అందు ఆసీనులైన వ్యక్తి దానిని వినియోగించును. జీవితమంతా కాయితానికి కట్టుబడ్డ మనిషి, ఇప్పుడు తప్పించుకోవడం ఆయనకి చేతకాలేదు. కళ్ళజోడు తీసి, చేతులు జోడించారు.

"అయితే తల్లీ, తమరు..." అని మాట మింగారు.

"దించండి ఆవిడ్ని!" అన్నారు ప్రతినిధులిద్దరూ. ఈసారి ఇద్దరిదీ ఒకే మాట.

"ఎవరు దించగలరండీ?" అన్నారు నెహెమ్యాగారు ఏడుపు గొంతుతో. "బిషప్పుగారిని దించాలంటే పైనున్న సినడ్ మహాసభ తీర్మానం కావాలి!"

అత్తకి చెవులు బానే పనిచేస్తాయి. నన్ను దగ్గరకి పిలిచింది. "ఏంట్రా, ఇందులో కూర్చుంటే నేనూ బిషప్పునేనా?"

"లేచేదాకా నువ్వే అత్తా" అన్నాను.

"పిలవడానికి నోరు కావాలన్నారన్నావు కదూ ఆ రోజు? నాకుంది" అంది. తల పైకెత్తి, వెనక చాపల మీద జనంలో కూర్చున్న రత్నసాగరంగారిని చూసి గట్టిగా కేకేసింది. "అయ్యగారూ! ఇలా రండి బాబూ. నా తల మీద చెయ్యి పెట్టండి. ఈ పిల్లలందరికీ కూడా మళ్ళీ పెట్టండి, పాపం ఆ కుక్క మొహం కింద వాళ్ళ బాధేంటండి!"

ఆయన సంచి వదిలేసి లేచారు. జామకాయలు చాపల మీద దొర్లిపోయాయి, ఎవరూ ఏరలేదు. జనం దారిచ్చారు. ఆయన ముందుకొచ్చి నెహెమ్యాగారి వంక చూశారు. "ఆహ్వానము విన్నాను. క్రమబద్ధముగా ఉన్నది" అన్నారు నెహెమ్యాగారు. "కన్ఫర్మేషన్ లేని బిషప్పుగారికి కన్ఫర్మేషన్ ఇచ్చుటకు పూర్వోదాహరణ మాత్రం లేదు" అని తనలో తాను గొణుక్కున్నారు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ముసలాయన చెయ్యి ఆ ముసలావిడ తెల్ల జుట్టు మీద పడింది. ఆయన ప్రార్థన చేశారు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకు దాచడం, మీకా అయ్యగారూ ఏడ్చారు, బ్యాండువాళ్ళూ ఏడ్చారు. పిల్లలందరి తలల మీదా కూడా ఆ చెయ్యి పడ్డాక అత్త కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. లేవగానే మా పదో బిషప్పుగారి పదవీకాలం ముగిసింది. ఎవరూ తీర్మానం చెయ్యనక్కర్లేకుండా, ఎవరూ కేసు వెయ్యకుండా దిగిపోయిన బిషప్పు మా చరిత్రలో ఆవిడొక్కతే.

తర్వాత జరిగింది చరిత్రకారుడిగా క్లుప్తంగా చెప్తాను. కుర్చీ మళ్ళీ పంటెక్కి వచ్చేసింది. కేసు ఇంకా నడుస్తోంది. ఆ వానాకాలం వెళ్ళకుండానే మా అత్త పోయింది. సావనీర్లో ఆవిడ ఫోటో బిషప్పుల వరసలో వెయ్యాలని నేనొక ఫైలు పెట్టాను. వెయ్యకూడదని ప్రతినిధులిద్దరూ కలిసి ఒక ఫైలు పెట్టారు. పీఠం రెండింటికీ అభ్యంతరం చెప్పలేదు. నెహెమ్యాగారు రెండింటి మీదా స్టాంపు వేసి, నాది పైన పెట్టి వెళ్ళిపోయారు. ఆవిడకి ఉన్న ఫోటో ఒక్కటే, రేషన్ కార్డుది. ప్రెస్‌కి పంపేశాను.

ఆ రోజుది ఒక్క సంగతి చెప్పడం మిగిలింది. తలల మీద చేతులు పెట్టడం అయిపోయాక మీకా అయ్యగారు బల్ల సిద్ధం చేశారు. అత్త నా భుజం పట్టుకుని నడిచి, అందరికన్నా ముందు బల్ల దగ్గరకెళ్ళింది. రొట్టె ముక్క చేతిలోకి తీసుకుని నోట్లో వేసుకుంది. తర్వాత గిన్నె అందుకుని తాగింది. కళ్ళు మూసుకుంది. కాసేపటికి కళ్ళు తెరిచి, పెదాలు తుడుచుకుని, సంఘమంతటినీ ఒకసారి చూసింది.

"చక్కెర బాగా ఎక్కువైపోయిందర్రా" అంది. "ఇన్నేళ్ళు తాగారు, ఒక్కళ్ళయినా చెప్పొద్దూ?"